బడిలో కూర్చుంటేనే తెరుచుకునే లైబ్రరీ

లింబాయత్, సూరత్
18 జూన్ 2020

అన్నా,

లాక్‌డౌన్‌కు సూరత్ వదిలి మీరు ముగ్గురూ బస్సు దిగి ఊరు చేరారని లత మెసేజ్ పెట్టిన రోజు నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. నేనొకటి అడుగుతాను, నువ్వొకటి చెప్తావు. చివరికి "ఆ ఆ, మంచిదే" అని పెట్టేస్తావు. ముప్ఫై ఏళ్లు మరమగ్గాల నడుమ నిలబడ్డ చెవులకు ఫోన్ మాట అందదని నాకు తెలియనిది కాదు. వాట్సాప్‌లో రాద్దామంటే ఫోన్ లత చేతిలో ఉంటుంది, దానికి నచ్చిందే నీకు చదివి చెప్తుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇది నువ్వే చదువు.

మీ గది తాళం నా దగ్గర భద్రంగా ఉంది. గల్లీలో కార్ఖానాలు సగం ఇంకా మూతే. నీ సేటు రెండు మగ్గాలు తిప్పుతున్నాడట, అదీ ఒడియా వాళ్లు దొరికినప్పుడే.

లత విషయం చెప్పాలి. దాని పదకొండో తరగతి మొదలైంది, పాఠాలన్నీ ఫోన్లోనే. ఈ ఏడాది ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక విషయం మీద పరిశోధన చేసి ప్రాజెక్టు రాయాలి. గూగుల్‌లో దొరికింది ఎక్కించి ఇస్తే సైన్సు టీచర్లు ఒప్పుకోరు. అందుకే పోయిన ఏడాది మా బడి నడిపే ట్రస్టు వాళ్ల వెంటపడి, నేను చూసుకునే లైబ్రరీకి ఒక డేటాబేస్ తెప్పించాను. డాక్టర్లు, శాస్త్రవేత్తలు రాసిన వ్యాసాలు, పత్రికలు, విజ్ఞాన సర్వస్వాలు అన్నీ అందులో ఉంటాయి. అలమారాలు లేని లైబ్రరీ అనుకో.

చిక్కేమిటంటే అది బడి కంప్యూటర్లలోనే తెరుచుకుంటుంది. బడేమో మూసి ఉంది. ఇంటి నుంచి తెరిచే అనుమతి కోసం ఆ డేటాబేస్ కంపెనీకి రాశాను. పదిహేను రోజుల్లో వస్తుందన్నారు. అప్పటిదాకా లత చదువు మాన్పించే మాట ఎత్తకు.

వదినకు నమస్కారాలు.
నీ చెల్లె,
అనురాధ


మేడిపల్లి
5 జులై 2020

చెల్లె అనురాధకు పరుశురాం రాసేది,

మేము మంచిగనే ఉన్నం. మీ వదిన బీడీలు చేస్తున్నది. నేను ఉపాధి పనికి పోతున్న, మట్టి పని. ఎండకు పానం పోతున్నది గని ఒక్కటి మంచిగున్నది. ఈడ ఎవ్వలు గట్టిగ అరువరు, నేను ఇనలేదని ఎవ్వలు తిట్టరు.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. లైబ్రరీ కొన్నరు, అది బడిల ఉంటేనే తెరుసుకుంటది, బడి బందు. గిదేం లైబ్రరీ? వాచ్‌మన్‌కు చాయ పైసలిచ్చి తాళం తీపియ్యరాదా?

లత పొద్దుందాక ఫోన్ పట్టుకొని కూసుంటది. సారు మాట సగం వస్తదట, బొమ్మ ఆగిపోతదట. ఈడ మండలంల సర్కారు కాలేజీ ఉన్నది. ఊరి పిల్లలందరు ఆడనే సదువుతరు. దీన్ని గూడ ఆడ ఏస్త. దానికి టీసీ కావాలె. బడికెళ్లి తీసుకొని పంపు.

పదిహేను రోజులన్నవు. అయిపోయినయి.

అన్న
పరుశురాం


లింబాయత్
22 జులై 2020

అన్నా,

వాచ్‌మన్‌కు చాయ్ డబ్బులు ఇవ్వకుండానే తాళం తీయించాను. మాస్కు కట్టుకొని, నడుచుకుంటూ వెళ్లి, దుమ్ము దులిపి లైబ్రరీలో కూర్చున్నాను. డేటాబేస్ నిక్షేపంగా తెరుచుకుంది. ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఒక్కదాన్నే కూర్చుని ఎవరి కోసం తెరిచానో నాకే అర్థం కాలేదు.

ఇంటి అనుమతి సంగతి. కంపెనీ వాళ్లు ప్రిన్సిపాల్ ఉత్తరం కావాలన్నారు. ప్రిన్సిపాల్ మేడం ట్రస్టు తీర్మానం కావాలన్నారు. ట్రస్టులో పెద్దలు ముఖాలు చూసుకోకుండా సమావేశం పెట్టరట. ఈలోపు కంపెనీ సైటులో నేనే దరఖాస్తు నింపితే ఓటీపీ మేడం ఫోన్‌కి పోయింది. ఆమె అహ్మదాబాద్‌లో కూతురి దగ్గరున్నారు. నేను ఫోన్ చేసి అడిగి, ఆమె కళ్లద్దాలు వెతుక్కుని చదివేసరికి దాని గడువు అయిపోతుంది. ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్తే నవ్వుతావు. నాకు మాత్రం ఏడుపొస్తోంది.

టీచర్లేమో "అనురాధాబెన్, పీడీఎఫ్‌లు గ్రూపులో పడేయండి" అంటారు. అలా అందరికీ పంచితే ఒప్పందం తప్పినట్టు. నా లైబ్రేరియన్ ఐడీ ఒక్కటే బయటి నుంచి తెరుచుకుంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఇస్తే నా ఉద్యోగానికే ముప్పు.

టీసీ మాట ఇప్పుడే వద్దు అన్నా. ఇన్నేళ్లు ఇక్కడ చదివిన పిల్ల, నడిమధ్యలో బోర్డు మారితే వెనకబడుతుంది.

అనురాధ


మేడిపల్లి
10 ఆగస్టు 2020

అనురాధకు,

నీ ఉత్తరం మీ వదినకు సదివి ఇనిపిచ్చిన. "అంటే తాళంచెవి ఆమె కాడనే ఉన్నది, మన పిల్లకు ఇయ్యదు" అన్నది. నేను కాదనలేకపోయిన.

ఇల్లు కిరాయికి ఇయ్యమంటలేము, బంగారం అడుగుతలేము. సదువుకునేది. సొంత మేనకోడలికి ఇయ్యని తాళంచెవి ఎవ్వలికిస్తవు? నిన్ను సదివిపిచ్చినప్పుడు నేను పగలు రాత్రి డబల్ పాళీలు చేసిన. గప్పుడు నేను ఏ ఒప్పందం చూడలే.

లత ఏం అంటలేదు. పొద్దుగాల లేసి వాళ్లమ్మ పక్కపొంటి కూసొని ఆకు కత్తిరిస్తున్నది. చేతులు మంచిగ తిరుగుతున్నయని అందరు మెచ్చుకుంటున్నరు. నాకైతే సూడబుద్ధయితలేదు.

టీసీ పంపు. నెలాఖరుదాక కాలేజీల పేర్లు రాసుకుంటరు.

పరుశురాం


లింబాయత్
28 ఆగస్టు 2020

అన్నా,

డబల్ పాళీల మాట రాసి నా నోరు కట్టేశావు.

ఐడీ, పాస్‌వర్డ్ లత ఫోన్‌కి పంపాను. ఒక్క దానికే. దాని స్నేహితురాళ్లకు గానీ, తరగతి గ్రూపులో గానీ ఇవ్వొద్దని నువ్వు గట్టిగా చెప్పు. ఈ పని చేశానని బడిలో ఎవరికీ తెలియకూడదు.

దేని మీద ప్రాజెక్టు చేస్తావే అని అడిగితే "అయ్యాక చెప్తా అత్తమ్మా" అంది. సరే, దాని ఇష్టం.

టీసీ పంపడం లేదు. ఇక కోపం తగ్గించుకో.

అనురాధ


మేడిపల్లి
24 సెప్టెంబర్ 2020

చెల్లెకు అన్న దీవెనలు,

నువ్వు చేసిన పనికి మీ వదిన సంబురపడ్డది. పచ్చిపులుసు చేసి నిన్ను తలుసుకున్నది. నేను పోయిన ఉత్తరంల జర కటువుగ రాసిన, మనసుల పెట్టుకోకు.

లత ఇప్పుడు బీడీల కాడ కూసుంటలేదు. ఇంట్ల సిగ్నల్ రాదు. పొద్దుగాల పెద్దరోడ్డు మీద నీళ్ల ప్లాంటు కాడికి పోతది, ఆడ జర మంచిగ వస్తదట. వచ్చినంతసేపు అన్ని దింపుకొని ఇంటికొచ్చి సదువుతది. ఏదో రాసుకుంటది. నేను పోతే మూస్తది. ఈ వయసు పిల్లలు గట్లనే ఉంటరని ఊకున్న.

కాలేజీ మాట ఇప్పుడు ఎత్తను.

పరుశురాం


లింబాయత్
26 సెప్టెంబర్ 2020

అన్నా,

నేను భయపడిందే అయింది. ఒక్క వారంలో నా ఐడీ మీద వందల వ్యాసాలు దించారని కంపెనీ నా ఖాతా మూసేసింది. ఖాతా ఒక్కటే కాదు, బడి మొత్తానికి డేటాబేస్ ఆపేశారు. ప్రిన్సిపాల్ మేడం జూమ్‌లో ఐడీ ఎవరికిచ్చానని టీచర్లందరి ముందు అడిగారు: "అనురాధాబెన్, యే కిస్ కో దియా ఆప్‌నే?"  మెమో ఇచ్చారు.

లతకు ఎంత చెప్పాను! ఒక్క మనిషి ఇన్ని చదవగలదా? తరగతి గ్రూపు మొత్తానికి పంచి పెట్టింది. బడి తెరిచాక పన్నెండో తరగతి పిల్లలు ఆ వ్యాసాల మీదే ఆధారపడాలి, వాళ్లకూ ఇప్పుడు లేకుండా పోయింది. నమ్మి ఇచ్చినందుకు నాకు తగిన శాస్తి చేసింది. దాన్ని అడుగు.

అనురాధ


మేడిపల్లి
15 అక్టోబర్ 2020

అనురాధకు,

నేను సంబురంతోని రాసిన ఉత్తరం నీకు పోయేటాళ్లకు నీ మెమో ముచ్చట నాకొచ్చింది.

అడిగిన. "ఎవ్వలికి ఇయ్యలే బాపు" అంటది. పెదవులు సూస్తే గంతే తెలిసింది. ఇంకేం చెప్పదు. నాకు కోపం ఆగలే. ఫోన్ గుంజుకొని సందుగుల ఏసి తాళం పెట్టిన. చెయ్యి లేపిన గని కొట్టలే. మీ వదిన అడ్డమొచ్చింది.

రెండు దినాలు తినలే. ఇప్పుడు తింటున్నది, మాట్లాడుతలేదు. నాతోని మాట్లాడకుంటె ఏమున్నది, నాకు ఎట్లైనా ఇనబడదు. వాళ్లమ్మతోని గూడ మాట్లాడుతలేదు. మళ్ల బీడీల కాడ కూసున్నది.

నీ ఉద్యోగం మా వల్ల పోవద్దు. ఆ లైబ్రరీ మాకు అచ్చిరాలే. టీసీ పంపు. ఈసారి పంపకుంటె నేనే వస్త.

పరుశురాం


లింబాయత్
3 నవంబర్ 2020

అన్నా,

ముందు ఆ ఫోన్ తీసి దానికివ్వు. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదువు.

ఇన్ని రోజులూ కంపెనీకి ఫోన్ చేస్తుంటే "మీ సమస్య మాకు ముఖ్యం" అనే పాట వినిపించింది. నిన్న ఒక కుర్రాడు ఎత్తాడు. ఎక్కడెక్కడి నుంచి దించారో చెప్పమని బతిమాలాను. "మేడం, ఏక్ హీ ఫోన్ హై. రోజ్ సుబహ్, ఏక్ హీ జగహ్ సే" అన్నాడు. ఒకే ఫోను, రోజూ పొద్దున్నే, ఒకే చోటు నుంచి. నీళ్ల ప్లాంటు అని నువ్వు రాసింది అప్పుడు గుర్తొచ్చింది. సిగ్నల్ ఉన్న కాసేపట్లో ఏది పనికొస్తుందో చూసే తీరిక లేక కనపడ్డవన్నీ దించుకుందన్నమాట. కంపెనీ లెక్కలో అది దొంగతనం. ఇంట్లో సిగ్నల్ రాని పిల్ల ఎలా చదువుతుందో వాళ్ల లెక్కలో లేదు.

లత ఎవరికీ ఇవ్వలేదు. నేను ఊరికే నిందవేశాను. దానికి నేను చెప్పే సారీ నువ్వు చెప్పు. దేని గురించి అంత దించుకుందో మెల్లగా అడుగు. కోపంగా కాదు.

మెమో ఇంకా వెనక్కి తీసుకోలేదు. ఇదంతా మేడంకు చెప్తే, "ఒకరైనా వందైనా పాస్‌వర్డ్ ఇచ్చింది మీరే కదా" అన్నారు. అదీ నిజమే.

అనురాధ


మేడిపల్లి
22 నవంబర్ 2020

చెల్లె,

ఫోన్ ఇచ్చిన. నీ సారీ గూడ చెప్పిన. ఎదురుంగ కూసొని అడిగిన: "ఏం దింపుకున్నవు బిడ్డా గన్ని?"

చాట పక్కకు పెట్టి సున్నం ముక్క తీసుకొని బండ మీద రాసింది. "నీ చెవుల గురించి బాపు."

 నాకు కోపమొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. నా చెవులు మీకు పాఠమా? "ఎవ్వలు రాయమన్నరే నిన్ను?" అని అరిసిన. నేను అరిసింది ఎంత గట్టిగనో నాకు తెల్వదు, పక్కింటోళ్లు వచ్చి సూసిన్రు.

నీకు ఒక ముచ్చట తెల్వదు. నాకు ఇనబడదని సేటుకు తెల్వదు. మగ్గం ఆగినా, దారం తెగినా చప్పుడును బట్టి తెలుసుకోవాలె. నేను చట్రం మీద చెయ్యి పెట్టి తెలుసుకుంట. ముఖం సూసి తల ఊపుత. చెవిటోడని తెలిస్తే రేపు మళ్ల పని ఇస్తడా? బడిల నా పేరు రాసి గోడకు పెడితె, ఎవ్వడో ఫోటో తీసి తిప్పితే ఏంగాను?

లత గవన్ని సూపిచ్చింది. విలాయతి మిల్లులు, ఇంకేవో దేశాలు. "మన సూరత్ ముచ్చట ఒక్కటన్న ఉన్నదా?" అన్న. తల అడ్డం ఊపింది. గన్ని వందలల్ల మన ముచ్చట ఒక్కటి లేకపాయె. దేనికమ్మ ఆ లైబ్రరీ?

పరుశురాం


లింబాయత్
12 జనవరి 2021

అన్నా,

ఇంత ఆలస్యం ఎందుకైందో ఈ కవరు బరువు చూస్తే తెలుస్తుంది.

మొదట నీ భయం. ప్రాజెక్టులో ఎవరి పేరూ ఉండదు. లత నీ పేరు ఎక్కడా రాయలేదని నాకు వాట్సాప్‌లో చూపించింది.

సూరత్ గురించి ఒకటి ఉంది. నీ ఉత్తరం అందాక నెట్‌లో వెతికాను. ఇక్కడి కార్ఖానాల్లోనే, లింబాయత్, బమ్రోలిలో మగ్గాల మీద పనిచేసేవాళ్ల వినికిడి పరీక్షించి ఒక డాక్టరమ్మ రాసిన వ్యాసం. పేరు, నాలుగు వాక్యాలు కనపడతాయి, మిగతాది తెరుచుకోదు. ఆ పత్రిక మా డేటాబేస్‌లో లేదు. మరో డేటాబేస్‌లో ఉంది, అది పెద్ద యూనివర్సిటీల వాళ్లకే. మన గల్లీ మనుషుల చెవుల గురించి రాసింది మన గల్లీలో చదవడానికి లేదు. కీబోర్డు పగలగొట్టాలనిపించింది.

డాక్టరమ్మకే మెయిల్ రాశాను. తిరిగొచ్చింది, ఆమె ఆ ఆసుపత్రి మారిపోయారు. కొత్త అడ్రసు వెతికి మళ్లీ రాశాను, మళ్లీ రాశాను. కోవిడ్ వార్డు డ్యూటీలో ఉన్నానని, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దని మొన్న జవాబిచ్చారు. వ్యాసం జత చేశారు. అది అచ్చు తీసి పంపుతున్నాను. నీకోసం తెలుగులో కూడా రాశాను.

చదివితే నీకు బాధ కలుగుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదట. అది వయసు వల్ల కాదు, చప్పుడు వల్ల. చెవులకు అడ్డం పెట్టుకునేవి ముందునుంచీ ఇచ్చి ఉంటే చాలావరకు నిలిచేదట. పరీక్ష చేయించుకున్నవాళ్లలో చాలామంది తమకు వినపడదన్న సంగతి అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదట.

ఇక ఇక్కడి సంగతి. పది, పన్నెండు తరగతులకు నిన్న బడి తెరిచారు. కంపెనీ మమ్మల్ని మన్నించి డేటాబేస్ మళ్లీ ఇచ్చింది. ఇంటి నుంచి తెరిచే అనుమతి కూడా నిన్ననే వచ్చింది, సరిగ్గా పిల్లలు బడికి వచ్చిన రోజు! లైబ్రరీ తాళాలు మాత్రం నా దగ్గర లేవు. నన్ను గేటు దగ్గర జ్వరం చూసే పనికి వేశారు. పిల్లల నుదుటికి ఆ యంత్రం పెడుతుంటే "మేడం, లైబ్రరీ కబ్ ఖులేగీ?" అని, ఎప్పుడు తెరుస్తారని అడుగుతున్నారు.

ఇంకోటి. తప్పుదారిలో తెచ్చుకున్న వ్యాసాలతో రాసింది కాబట్టి లత ప్రాజెక్టు తీసుకోనని మేడం అన్నారు. బతిమాలాను, వాదించాను, ఒకసారి గొంతు కూడా పెంచాను. కదలలేదు. అలసిపోయాను అన్నా. నువ్వడిగిన టీసీ సంతకం పెట్టించి ఉంచాను. పంపమంటే పంపుతాను. ఇక నీతో వాదించే ఓపిక లేదు.

అనురాధ


మేడిపల్లి
4 ఫిబ్రవరి 2021

చెల్లె అనురాధకు,

నువ్వు తెలుగుల రాసింది లత నాకు ఇయ్యంగనే సదవలే. పొలం దిక్కు పోయి ఒక్కన్నే సదివిన. నా కర్మ అనుకున్న ఇన్నొద్దులు. మా నాయినకు గిట్లనే ఉండె, నాకొచ్చింది అనుకున్న. ఆయన గూడ గీ కరెంటు మగ్గమే నడిపిండు కదా, గది నాకు తోచలే. చెవులల్ల పెట్టుకునేటియి ఉంటయని నాకు ఎవ్వలు చెప్పలే. సేటు ఆఫీసుకు మాత్రం అద్దాల తలుపులుంటయి, చప్పుడు రాకుంట.

ఇంటికొచ్చి లతకు చెప్పిన, నువ్వు రాసుకునేది రాసుకో అని. "పేరు గూడ పెట్టుకో" అన్న. అది ఏడ్సింది.

సూరత్ నుంచి వచ్చినోళ్లు మా వాడకట్టుల ఇంకా ఉన్నరు. ఆగయ్య, ముత్యం, రాజనర్సు, ఇంకొందరు. అందర్ని మా అరుగు మీద కూసోబెట్టిన. నువ్వు రాసి పంపింది సదివి ఇనిపిద్దామనుకున్న. లత నా చెయ్యి పట్టుకొని ఆపింది. వాళ్ల ఎనుకకు పోయి నిలబడ్డది. మామూలుగ ఇంట్ల పిలిచినట్టు ఒక్కొక్కల పేరు పిలిచింది. నాకు ఇనబడలే గని దాని పెదవులు కనబడుతున్నయి. ఆగయ్య తిరగలే. ముత్యం తిరగలే. రాజనర్సు తిరిగిండు, అదిగూడ పక్కోడు మోచేత్తోని పొడిస్తె. ముత్యం పెండ్లాం ఇంటి కడప కాడ నిలబడి సూస్తున్నది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఇన్నేండ్లు మేమంతా చాయ హోటల్ల ఒకని ముఖం ఒకడు సూసి నవ్వుకుంట తల ఊపినోళ్లమే. ఎవ్వనికి ఎవ్వని మాట ఇనబడలే చెల్లె. ఒక్కడన్న ఒప్పుకోలే.

తర్వాత ఆగయ్య అన్నడు, "గది అందరికి సదివిపియ్యాలె. మన సూరత్‌ల సదివిపియ్యాలె." ఏడ సదివిపిస్తరు, ఎవ్వలు ఇంటరు, నాకైతే తెల్వది. సేటు పని ఇస్తడో ఇయ్యడో గది గూడ తెల్వది. ముత్యమైతే వద్దన్నడు, తనకు పిల్లలున్నరన్నడు. ఆయన్ని తప్పుపట్టను.

టీసీ చింపెయ్యి. లత తరగతికి గూడ బడి తెరిచిన్రట గదా. వచ్చే ఆయితారం బయలుదేరుతున్నం, నేను, లత. మీ వదిన తర్వాత వస్తది. లత ప్రాజెక్టు కాగితాలు సంచిల పెట్టుకున్నది, డాక్టరమ్మది పైన పెట్టింది.

నువ్వు మీ మేడంతోని ఇంక మాట్లాడకు, అలిసిపోయినవు. నేనొచ్చి మాట్లాడుత. ఆమె ఏమంటదో నాకు ఇనబడదు. నేను అనేది మాత్రం ఆమెకు మంచిగ ఇనబడ్తది.

అన్న
పరుశురాం